పాట ఎవరిది, ఎవరిని అడగాలి?

పోయిన ఎండాకాలం ఒక శిక్షణ కోసం మూడు రోజులు హైదరాబాద్ పోవలసి వచ్చింది. లాడ్జీకి డబ్బులు ఎందుకని మాదాపూర్ వెనక సందులో మా బడిలో చదివిన పిల్లవాడి రూములో దిగాను. నలుగురు పిల్లలు ఒకటే గదిలో ఉంటున్నారు. నలుగురూ మన ఉట్నూర్ ఏజెన్సీ వాళ్లే. ఒకడు ఒక కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ, ఇద్దరు బండి మీద తిండి చేరవేసే పని, ఇంకొకడు కానిస్టేబుల్ కోచింగ్. మావాడు కూడా కోచింగ్ కోసమే వచ్చి, ఫీజు కట్టలేక డెలివరీలో చేరినవాడు. డిగ్రీ పాసయ్యాడు.

రాత్రి పది దాటాక నన్ను బండి మీద ఎక్కించుకుని అంతా తిప్పాడు. ఇదిగో సార్ సైబర్ టవర్స్ అని చూపించాడు. 1998లో ప్రధాని వాజపేయి వచ్చి ప్రారంభించినప్పుడు పేపర్లో ఆ గుండ్రటి బిల్డింగ్ ఫోటో చూసినట్టు నాకు గుర్తు. అప్పుడు చుట్టూ బండరాళ్లు, తుప్పలు. ఇప్పుడు దాన్ని వెతుక్కోవాలి. దాన్ని మించిన అద్దాల మేడలు ఎన్నో లేచాయి. దుర్గం చెరువు మీద 2020లో కట్టిన తీగల వంతెన దగ్గర బండి ఆపాడు. రంగురంగుల లైట్లు, ఫోటోలు దిగేవాళ్లు. అక్కడ నిలబడి, "సార్, ఒక పాట రాసిన, వింటరా?" అని ఫోన్‌లో బీటు పెట్టి అందుకున్నాడు.

నాకు ర్యాప్ అంటే పెద్దగా తెలియదు. సినిమాల్లో విన్నదే. రాగం తీయకుండా, తాళం మీద మాటలు పేర్చి గబగబా అనేది. మావాడు అన్నది మాత్రం నిలబడి విన్నాను. ఇరవై మూడో అంతస్తుకు బిర్యానీ మోసుకుపోతే ముందు లిఫ్టు ఎక్కనివ్వరట, వెనక సామాను లిఫ్టులో పొమ్మంటారట. ఆ సామాను లిఫ్టు గురించే పాట. అందులో తనతోపాటు ఎక్కినవాళ్లు ఎవరెవరు, ఏ జిల్లా నుంచి వచ్చారు, ఏం మోస్తున్నారు అని వరుసగా చెబుతాడు. నీళ్ల క్యాన్లవాడు, చెత్త డబ్బా పట్టుకున్న అక్క, ఒడిశా నుంచి వచ్చిన పెయింటర్. అద్దాల లిఫ్టులో పోయేవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోరు, మా లిఫ్టులో మాత్రం ముచ్చట్లే అని ముగుస్తుంది. నాకు గర్వంగా అనిపించింది. కానీ ఏదో లోటుగా కూడా ఉంది. మళ్లీ పాడమన్నాను. రెండోసారికి అర్థమైంది. ఆ పాటలో ఉన్న తెలుగు వాడిది కాదు. పాతబస్తీ పిల్లలు మాట్లాడే తెలుగు, మధ్యమధ్య హిందీ, "అరే భాయ్"లు. మన ఊరి పిల్లవాడు ఎక్కడా లేడు.

"నీ తెలుగులో ఎందుకు రాయలేదు?" అన్నాను.

"మన తెలుగు వింటే నవ్వుతరు సార్."

ఆ జవాబుకు నేను ఏమీ అనలేకపోయాను. ఎందుకంటే వాడి తెలుగు చూసి మొదట నవ్వినవాళ్లలో నేను కూడా ఒకణ్ణి. కాదు, నేను నవ్వలేదు, కొట్టాను. వాడు మూడో తరగతిలో ఉండగా ఒక అధికారి బడి చూడడానికి వచ్చాడు. మావాడు ముందుకొచ్చి, భయం లేకుండా, "నువ్వు ఏ ఊరి నుంచి వచ్చినవ్?" అని అడిగాడు. అధికారి నవ్వి ఊరుకున్నాడు. ఆయన జీపు పోగానే వాడి చెయ్యి చాపించి స్కేలుతో కొట్టి, "మీరు" అని వందసార్లు రాయించాను. మన ఊళ్లో పెద్దనాన్నను, పటేల్‌ను, చివరికి పేన్‌ను కూడా నువ్వు అనే పిలుస్తాం. దేవుణ్ణి పిలిచిన మాటతో ఆ పిల్లవాడు అధికారిని పిలిచాడు. అందులో తప్పు నాకు కనబడింది. ఎందుకంటే నన్ను కూడా అట్లాగే దిద్దారు.

మర్యాద నేర్పడం తప్పు అని నేను అనను. పిల్లలు బయటికి పోతారు, అక్కడి పద్ధతి తెలియాలి. కానీ పద్ధతి నేర్పడం వేరు, సొంత మాట అంటే సిగ్గు పుట్టించడం వేరు. నేను రెండూ ఒకే స్కేలుతో చేశాను. కుమ్రం భీం అమరుడయ్యాక మన ప్రాంతానికి హైమన్‌డార్ఫ్ వచ్చాడు కదా. 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం పెట్టి, గోండు యువకులకే శిక్షణ ఇచ్చి, మొదటి వాచకాలు గోండిలోనే తయారు చేయించారు. ఎనభై ఏళ్ల కింద జరిగిన పని. నేను టీటీసీ చదివిన రెండేళ్లలో ఆ మాట ఎవరూ ఎత్తలేదు. శబ్దం ఎట్లా పలకాలో చార్టులు మాత్రం చాలా గీయించారు.

తెలుగులో ఈ నవ్వు మెట్లుమెట్లుగా ఉంటుంది. చాలాకాలం సినిమాల్లో తెలంగాణ మాట రౌడీకో, కమెడియన్‌కో పెట్టేవారు. హీరో మాత్రం పుస్తకంలో మాట్లాడినట్టు మాట్లాడేవాడు. ఉద్యమం వచ్చింది, ధూం ధాం వచ్చింది, గద్దర్, గోరటి వెంకన్న పాటలు ఊరూరా తిరిగాయి. 2014లో రాష్ట్రం వచ్చింది. 2017లో ఫిదా సినిమాలో హీరోయిన్ అచ్చంగా బాన్సువాడ అమ్మాయిలా మాట్లాడితే జనం విరగబడి చూశారు. 2023లో బలగం సినిమా ఊరి చావింటిని ఊరి మాటల్లోనే చూపించింది. మంచిదే, నేనూ సంతోషపడ్డాను. అయితే ఒక మెట్టు ఎక్కినవాడు కింది మెట్టును చూసే తీరు మారిందా? మంచిర్యాల బస్టాండ్‌లో మన ఆడవాళ్లు బేరం ఆడుతుంటే దుకాణంవాడు వాళ్ల తెలుగును వెక్కిరించడం నేను ఈ ఏడాదే విన్నాను. అతడు మాట్లాడేది చక్కటి తెలంగాణ తెలుగు. ఇరవై ఏళ్ల కింద ఎవరో అతణ్ణి అట్లాగే వెక్కిరించి ఉంటారు.

ఇక గోండి సంగతి అయితే అది యాసే అనుకునేవాళ్లు మన ఆఫీసుల్లో ఇంకా ఉన్నారు. 2011 జనగణన ప్రకారం దేశంలో గోండి మాతృభాషగా రాయించుకున్నవాళ్లు 29 లక్షల పైచిలుకు. మన గుంజాల లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో మాత్రం ఇంతవరకు లేదు. సంతాలీ, బోడో 2003 సవరణతో చేరాయి.

మావాడు ఆ రాత్రి నాకు ఒక కథ చెప్పాడు. వాడి ఫోన్ నిండా ఆ పాటగాళ్లే. నేను తిరిగొచ్చాక దాన్ని ఇంకా చదివి తెలుసుకున్నాను. ఇది మన పిల్లలకు, టీచర్లకు తెలియాల్సిన కథ అని ఇక్కడ రాస్తున్నాను.

ర్యాప్, దాని చుట్టూ ఉన్న హిప్ హాప్ అమెరికాలో న్యూయార్క్ నగరంలో బ్రాంక్స్ అనే పేదల పేటలో పుట్టింది. 1973 ఆగస్టు 11న జమైకా నుంచి వలస వచ్చిన కుటుంబానికి చెందిన ఒక కుర్రాడు, డీజే కూల్ హెర్క్, తన చెల్లెలి పార్టీలో రికార్డులు తిప్పిన రోజునే దాని పుట్టినరోజుగా చెప్పుకుంటారు. నల్లజాతి పిల్లల గొంతు అది. తర్వాత లాస్ ఏంజెలెస్ నుంచి ఇంకో గుంపు లేచింది. ఇరవై ఏళ్లు పోయేసరికి ఆ రెండు నగరాలవాళ్లే అసలైన ర్యాపర్లు, మిగతావాళ్లు లెక్కలో లేరు అన్నట్టు తయారైంది. దక్షిణ రాష్ట్రాలు, అంటే అట్లాంటా, హ్యూస్టన్, మెంఫిస్, న్యూ ఆర్లీన్స్ వైపు వాళ్లంటే పల్లెటూరోళ్లు. సాగదీసి మాట్లాడతారు, వాళ్లకేం వచ్చు అని.

1995 ఆగస్టు 3న న్యూయార్క్‌లో ఒక పెద్ద అవార్డుల సభ జరిగింది. అట్లాంటా నుంచి వచ్చిన ఔట్‌కాస్ట్ అనే జంటకు కొత్త బృందాల విభాగంలో అవార్డు ప్రకటించారు. ఇద్దరికీ ఇరవై ఏళ్ల వయసు. వాళ్లు వేదిక ఎక్కుతుంటే సభలో వాళ్లు ఊళలు పెట్టి వెక్కిరించారు. అప్పుడు ఆ ఇద్దరిలో ఆండ్రే అనే కుర్రాడు మైకు దగ్గరికి వచ్చి, దక్షిణానికి కూడా చెప్పుకోవడానికి మాట ఉంది అన్న అర్థంలో ఒక్క ముక్క అని దిగిపోయాడు. వాళ్లు మొదట్లో పాటలు కట్టుకున్నది ఒక మిత్రుడి తల్లి ఇంటి కింద, పూర్తిగా కట్టని మట్టి నేలమాళిగలో. ఆ మాట అన్నాక వాళ్లు న్యూయార్క్ తీరులో పాడడానికి పోలేదు. ఇంకా అట్లాంటా వాళ్లయ్యారు. చర్చి పాట, పాత బ్లూస్, ఎండ, కారు, అమ్మమ్మ వంట అన్నీ పాటలోకి తెచ్చారు. హ్యూస్టన్‌లో డీజే స్క్రూ అనే ఆయన రికార్డుల వేగం తగ్గించి, పాటనంతా బరువుగా నెమ్మదిగా చేసి క్యాసెట్లు వదిలాడు. ఏ సాగదీతను చూసి నవ్వారో ఆ సాగదీతే ఒక కళ అయింది. తమను తాము "డర్టీ సౌత్" అని పిలుచుకున్నారు, మురికి దక్షిణం అని. మనల్ని జంగ్లీ అంటే, అవును జంగ్లీనే, అయితే ఏంది అన్నట్టు. పదేళ్లలో దేశమంతా దక్షిణం పాటే మోగింది.

ఈ కథలో నన్ను ఆపింది గెలుపు కాదు. ఆ సభలో నవ్వినవాళ్లు ఎవరు? తెల్లవాళ్లు కాదు. 1910ల నుంచి 1970 దాకా దాదాపు 60 లక్షల మంది నల్లవాళ్లు దక్షిణం వదిలి ఉత్తరాది నగరాలకు వలసపోయారు. పత్తి చేలు, బానిసత్వం మిగిల్చిన అవమానాలు, తెల్లవాళ్ల మూకదాడులు అన్నీ వదిలి. న్యూయార్క్ ర్యాపర్లలో ఎంతోమంది అవ్వలూ తాతలూ జార్జియా, కరోలినాల నుంచి వచ్చినవాళ్లే. అంటే ఆ రోజు సభలో పిల్లలు వెక్కిరించింది తమ అవ్వ మాటనే. ఇది చదివినప్పుడు నాకు నా స్కేలు గుర్తుకొచ్చింది. దూరంవాడు నవ్వితే కోపం వస్తుంది. ముందు పోయిన మనవాడు నవ్వితే సిగ్గు వస్తుంది, ఆ సిగ్గుతోనే నోరు మూతపడుతుంది.

హైదరాబాద్‌లో కూడా ర్యాప్ అట్లాగే కింది నుంచి వచ్చింది. 1994లో ప్రేమికుడు సినిమాలో రహమాన్ చేసిన పేట ర్యాప్ మన ఊరి పెళ్లిళ్లలో కూడా మోగింది, అయితే అది మద్రాసు పేట. తర్వాత యూట్యూబ్ వచ్చాక హైదరాబాద్ కుర్రాళ్లు సొంతంగా మొదలుపెట్టారు. రోల్ రైడా పతంగుల మీద, బస్తీ మీద పాడాడు. పాతబస్తీ నుంచి వచ్చిన రాహుల్ సిప్లిగంజ్ గల్లీ మాటను దాచకుండా పాటల్లో పెట్టాడు. ఆ గొంతే కాలభైరవ గొంతుతో కలిసి నాటు నాటు పాడింది, 2023 మార్చిలో ఆ పాటకు ఆస్కార్ వచ్చింది, ఆ ఇద్దరూ ఆ వేదిక మీద పాడారు. గల్లీ మాట అంతదూరం పోయింది. ఆ సినిమాలో కథానాయకుడి పేరు మన భీం పేరు. పాటల భాష మాత్రం తెలుగే. దానికి ఎవరినీ నిందించను. మన గొంతు మనం పెట్టకపోతే వేరేవాళ్లు తమ గొంతునే మన పేరు మీద పెడతారు, పెట్టక ఏం చేస్తారు?

అందుకే మావాడితో అన్నాను, నీ ఊరి తెలుగులోనే రాయి, గోండి కలుపు, ఎవడు నవ్వినా నవ్వనీ, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు అని. నీ నోటి మాట నీది. ఇంతవరకు నాకు ఏ అనుమానం లేదు.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. నా మాట విని వాడు ఉత్సాహపడ్డాడు. నెల తిరక్కముందే ఫోన్ చేసి, మొత్తం ప్లాన్ చెప్పాడు. పాట మొదట్లో మా ఊరి ప్రధాన్ దాదా కిక్రి మీద వాయించే పేన్ కథలోంచి ఒక ముక్క. అది వాడు రెండేళ్ల కింద పూజలో ఫోన్‌లో రికార్డు చేసుకున్నాడు. మధ్యలో తుడుం, పెప్రె. వీడియోలో వాడు గుస్సాడీ నెమలి ఈకల టోపీ పెట్టుకుని, ఒంటికి బూడిద రాసుకుని, రాత్రి ఆ తీగల వంతెన మీద నడిచి వస్తాడు. వెనక అద్దాల మేడలు. "అట్లాంటావాళ్లు వాళ్ల ఊరిని చూపించినట్టు మనం మన ఊరిని చూపిస్తం సార్," అన్నాడు.

నిజం చెప్పాలంటే ఒక్క క్షణం నాకు కూడా ఆ బొమ్మ కళ్ల ముందు మెరిసింది. తర్వాత గుండె దడదడలాడింది.

వేరే ప్రాంతాల చదువరుల కోసం రెండు మాటలు. గుస్సాడీ మన గోండుల దీపావళి పండుగ దండారిలో వేసే వేషం. వేషం అన్నది కూడా సరైన మాట కాదు. టోపీ పెట్టుకున్నన్నాళ్లు అతడు మామూలు మనిషి కాడు, స్నానం చేయడు, నియమం ఉంటుంది, ఊళ్లు తిరిగి ఆశీర్వదిస్తాడు. చివర కోలబోడి నాడు పూజ చేసి టోపీలు దించుతాం, మళ్లీ ఏడాది దాకా ముట్టం. ఇక పేన్ కథలు. ఏ గోత్రం ఎట్లా పుట్టింది, పేన్ ఎట్లా వచ్చింది అన్నది గోండువాడు పాడడు, వాడి ప్రధాన్ పాడతాడు. వినేవాడు ఒకడు, పాడేవాడు ఒకడు. పాడినందుకు ధాన్యమో, పశువో, బట్టో ఇవ్వాలి. తాతల నుంచి వస్తున్న లెక్క అది.

టోపీ వద్దు, పేన్ కథ వద్దు అన్నాను. వాడికి కోపం వచ్చింది.

"ఇన్నేండ్లు మన గొంతు నొక్కినరు. ఇప్పుడు మనమే పాడుతుంటే మీరే ఆపుతున్నరు. మనది మనం వాడుకుంటే తప్పేంది?"

ఆ ప్రశ్న తేలికైంది కాదు. నేను వెంటనే జవాబు చెప్పలేదు. ఆ రాత్రి వాడి ఔట్‌కాస్ట్ గురించే ఇంకా చదివాను, వాడికి జవాబు అక్కడే దొరికింది.

2004 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలెస్‌లో గ్రామీ అవార్డుల పండుగ. అమెరికాలో పాటకు అంతకు మించిన అవార్డు లేదు. ఆ ఏడాది అన్నిటికన్నా పెద్దదైన ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ ఔట్‌కాస్ట్‌కే వచ్చింది. తొమ్మిదేళ్ల కింద ఊళలు పెట్టించుకున్నవాళ్లకు. ఆ రాత్రి వాళ్ల పాటతోనే కార్యక్రమం ముగిసింది. ఆండ్రే, నాట్యం చేసే అమ్మాయిలు ఆకుపచ్చ కుచ్చుల బట్టలు, ఈకలు, నుదుటి పట్టీలు పెట్టుకుని, వెనక గుడారం ఆకారం పెట్టి, అమెరికా ఆదివాసుల వేషంలో ఎగిరారు. అక్కడి ఆదివాసులు మండిపడ్డారు. ఈకలు మాకు ఆట వస్తువులు కావు, మా పవిత్రమైన పాటను కూడా వాడుకున్నారు అని నిరసన తెలిపారు, ఆ టీవీ ఛానెల్‌ను బహిష్కరించమన్నారు. చివరికి ఆ ఛానెల్ క్షమాపణ చెప్పింది.

ఆలోచించండి. ఎవరి మాటను చూసి లోకం నవ్విందో వాళ్లే, గెలిచిన రోజున, ఇంకొక జాతి దేవుడి ఈకలు తలకు పెట్టుకుని నవ్వుతూ ఎగిరారు. వాళ్లు చెడ్డవాళ్లు అని నేను అనుకోను. అది ఎవరిదో అడగాలన్న ఆలోచనే వాళ్లకు రాలేదు. అవమానం పడ్డవాడికి పక్కవాడి అవమానం తనంతట తనకే తెలుస్తుంది అనుకుంటాం. తెలియదు. నాకు తెలిసిందా, స్కేలు పట్టుకున్నప్పుడు?

ఇది వాడికి ఫోన్‌లో చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "వాళ్లు వేరేవాళ్లవి వాడిన్రు సార్. నేను నావే వాడుతున్న గదా." మళ్లీ ఒక్క నిమిషం ఆగి, గొంతు పెంచి, "ఎండాకాలంల మంత్రి వచ్చినప్పుడు మాకు అట్ట టోపీలు పెట్టి స్టేజీ మీద గుస్సాడీ ఆడించింది ఎవరు? నువ్వే గదా సార్, నువ్వే తీసుకపోయినవ్!" అన్నాడు.

నిజమే. నేనే తీసుకుపోయాను. అట్టలు కత్తిరించి, రంగు కాగితాలు అంటించి, వైశాఖ మాసంలో దీపావళి ఆడించాను. పేపర్లో ఫోటో పడితే కత్తిరించి దాచుకున్నాను కూడా. వాడు కోపంలో నన్ను నువ్వు అన్నాడని ఫోన్ పెట్టాక గానీ గుర్తించలేదు.

ఆ హైటెక్ సిటీ పక్కనే శిల్పారామం ఉంది, 1992 నుంచి. అక్కడ గుడిసెలు, మట్టిబొమ్మలు, పల్లె బతుకుల నమూనాలు. సాయంత్రం ఆఫీసుల నుంచి వచ్చినవాళ్లు టికెట్ కొని చూస్తారు. ఎప్పుడైనా మన బృందాలను కూడా అక్కడికి పిలిచి ఆడిస్తారు, బస్సు చార్జీలు ఇస్తారు, శాలువా కప్పుతారు. అది తప్పా? మార్లవాయి కనకరాజు గారు గుస్సాడీని ఢిల్లీ దాకా తీసుకుపోయారు, 2021లో పద్మశ్రీ అందుకున్నారు, 2024 అక్టోబరులో కన్నుమూశారు. ఆయన వల్లే ఈ తరం పిల్లలు ఎంతోమంది ఆ ఆట నేర్చుకున్నారు. ఆయన చేసింది తప్పు అనే నోరు నాకు లేదు. ఆయన ఏళ్ల తరబడి ఆ నియమంలో బతికి, ఊరి నడుమ నిలబడి చేశారు. నా అట్ట టోపీల వెనక అట్లాంటిది ఏదీ లేదు, పై నుంచి వచ్చిన సర్క్యులర్ ఒకటి తప్ప. గీత ఎక్కడ గీయాలో నాకు ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. కానీ గీత ఉంది. మనది అన్న మాటలో "మన" అంటే నేనొక్కణ్ణే కాదు. నాకు గోండు తల్లి కడుపున పుట్టిన హక్కు ఉంది, అది పాడే హక్కు. ఊరందరిదీ నా ఒక్కడి పేరు మీద అంగట్లో పెట్టే హక్కు దానితోపాటు వచ్చిందా?

దసరా సెలవుల్లో మావాడు ఊరికి వచ్చాడు. ఇద్దరం కలిసి ప్రధాన్ దాదా దగ్గరికి పోయాం. డెబ్బై దాటిన మనిషి. ఆయన పేన్ పేరు ఎత్తి, పవిత్రం, మైల అని పెద్ద పాఠం చెబుతాడని, మావాడికి బుద్ధి వస్తుందని నేను లోపల అనుకుంటున్నాను. మావాడు ఫోన్ తీసి, రికార్డు వినిపించి, ఇది నా పాటలో పెట్టుకుంటా దాదా అన్నాడు. ముసలాయన తన గొంతు తానే చెవి ఒగ్గి విన్నాడు. విని మొదట అడిగింది ఏమిటో తెలుసా?

"నాకు ఎంత ఇస్తవ్?"

నాకు తల కొట్టేసినట్టయింది. కానీ ఆలోచిస్తే ఆయన అడిగిందే ధర్మం. ప్రధాన్ ఎన్నడూ ఉత్తగా పాడలేదు. పాటకు వాటా ఇవ్వడం మన తాతలు పెట్టిన పద్ధతి. పవిత్రం అని మనం పొగిడి, చేతిలో ఏమీ పెట్టకుండా లేచి వచ్చే అలవాటు చదువుకున్నవాళ్లది. తమిళనాట 2021లో ఎంజాయ్ ఎంజామి అనే పాట దేశమంతా మోగింది. రాసి పాడిన అరివు తన అవ్వ వల్లియమ్మాళ్ చెప్పిన తేయాకు తోటల బతుకులోంచి దాన్ని తీశాడు, ఆమె పేరు పాటలోనే పెట్టాడు. ఆ ఏడాదే ఒక పెద్ద సంగీత పత్రిక ముఖచిత్రం మీద ఆ పాటలో తోడు పాడిన అమ్మాయి ఉంది, అరివు లేడు. పెద్ద గొడవ అయింది. పాట ఎవరి కష్టమో వాళ్ల పేరు, వాళ్ల వాటా అడగకపోతే ఎంత పేరున్నవాడికైనా అదే గతి. మా దాదా ముందే అడిగాడు.

తర్వాత ఆయన చెప్పింది ఇది. పెళ్లి పాటలు, రేలా పాటలు ఆడవాళ్లవి, ఎవరు పాడితే వాళ్లవి, పోయి తీసుకో, నీ తల్లికి ఎన్నో వచ్చు. తుడుం, పెప్రె వాయించేవాళ్లను పిలిచి, పైసలిచ్చి, కొత్తగా వాయించుకో. కిక్రి కూడా నేను నీ పాట కోసం వేరేగా వాయిస్తా. పేన్ కథ మాత్రం వద్దు. మావాడు ఎందుకు అని అడిగాడు. ఆయన కాస్త విసుక్కున్నాడు.

"అది మొదలుపెట్టాల్నంటే ముందు పూజ కావాలె, ముగించాల్నంటే తెల్లారాలె. నీ ఫోన్‌ల ఎవడో నడుమ ఆపి అన్నం తింటడు. పేన్‌ను నడుమల నిలబెట్టి పోతవా?"

టోపీ మాట మావాడు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

పాట ఇప్పుడు తయారైంది. మొదట్లో వాళ్లమ్మ గొంతు, పెళ్లి పాటలోంచి రెండు చరణాలు, పొయ్యి దగ్గర కూర్చుని పాడినట్టే. తర్వాత కిక్రి. ఆ తర్వాత వాడి గొంతు, సామాను లిఫ్టు గురించి, మన ఊరి తెలుగులో, సగం గోండిలో. లిఫ్టును గోండిలో ఏమనాలని నన్ను అడిగితే నేను దాదాను అడిగాను. లిఫ్టే అనమన్నాడు. కింద పేర్ల దగ్గర అమ్మ పేరు, దాదా పేరు, వాయించినవాళ్ల పేర్లు రాశాడు. రూములో దుప్పట్లు కట్టి, శబ్దం రాకుండా తెల్లవారుజామున రికార్డు చేశారట. ఎంతమంది విన్నారో నేను అడగలేదు. దాదాకు మాత్రం ఒప్పుకున్నంత ముందే ముట్టింది. ఆయన లెక్కపెట్టుకుని, రెండో పాట ఎప్పుడు అని అడిగాడు.

మొన్న నవంబరులో మా బడికి మళ్లీ ఒక అధికారి వచ్చింది. రెండో తరగతి పిల్ల ఒకతి నేరుగా ఆమె దగ్గరికి పోయి, కొంగు పట్టుకుని, "నువ్వు అన్నం తిన్నవా?" అని అడిగింది. ఆమె నా వైపు చూసింది. నేను గోడ మీది చార్టు సర్దుతూ ఉండిపోయాను. "ఇంకా తినలేదమ్మా," అని ఆమె ఆ పిల్లకే చెప్పింది.